ఉప్పు మంటలోని పసుపు గీత

దమ్మపేట

చిరంజీవి బుజ్జికి తాతయ్య దీవించి రాసేది.

వానలు తెరిపిచ్చాయి. తోటలో పామాయిల్ గెలలు కోతకొచ్చాయి. మీ అమ్మమ్మ మోకాళ్ళ నొప్పి కాస్త నయం.

మొన్న ఫోన్లో నువ్వడిగిన మాట నన్ను వదల్లేదు. ఫోన్లో తేలే మాట కాదని కాగితం తీశాను. "ఇక్కడ కూర్చుని కొలిచిన సూత్రాలు కోట్ల కాంతి సంవత్సరాల అవతల కూడా అవేనని ఎలా అంటారు తాతయ్యా? ఎవరు వెళ్ళి చూశారు?" అన్నావు. క్లాసులో అదే అడిగితే, ఎమ్మెస్సీకొచ్చి ఇదేం ప్రశ్నని నవ్వారట. ఇక అడగనన్నావు. ఆ చివరి మాట దగ్గరే నా ప్రాణం చివుక్కుమంది.

ముప్పై ఏళ్ళ కిందట నేను బడిలో పాఠం చెబుతుంటే, ఎనిమిదో తరగతిలో ఒక పిల్లవాడు లేచి, "సార్, సూర్యుడి దగ్గరికి ఎవరూ పోలేదు గదా, అక్కడ హైడ్రోజన్ ఉందని ఎట్లా తెలిసింది?" అనడిగాడు. పరీక్షలు దగ్గరపడుతున్నాయి, సిలబస్ మిగిలిపోయింది. "పుస్తకంలో ఉంది, రాసుకో" అన్నాను. వాడు తల దించుకుని రాసుకున్నాడు. ఆ ఏడాదంతా మళ్ళీ నోరు విప్పలేదు. జవాబు నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. ఆ బాకీ ఇన్నాళ్ళకు నీకు తీరుస్తున్నాను.

నీ చిన్నప్పుడు జ్వరమొస్తే మీ అమ్మమ్మ గుప్పెడు రాళ్ళుప్పు నీ చుట్టూ తిప్పి పొయ్యిలో పడేసేది, గుర్తుందా? ఉప్పు చిటపటలాడేది. కట్టెల మంట ఒక్కసారిగా పచ్చగా, పసుప్పచ్చగా లేచేది. "చూశావా, ఎంత దిష్టో!" అనేది. ఆ పసుపు సోడియందమ్మా. ఆ వెలుగును పట్టకంలో పోనిస్తే ఇంద్రధనుస్సులా పరుచుకోదు, పక్కపక్కనే రెండు సన్నని పసుపు గీతలై నిలుస్తుంది. ఒకటి 589.0 నానోమీటర్ల దగ్గర, ఇంకొకటి 589.6 దగ్గర. దమ్మపేట పొయ్యిలోనైనా లండన్ ప్రయోగశాలలోనైనా గీతల చోటు మారదు. ఇప్పుడు సూర్యుడి వెలుగును అలాగే విడదీస్తే, సరిగ్గా ఆ చోట్లలోనే రెండు నల్లగీతలుంటాయి. 1814లో ఫ్రాన్‌హోఫర్ ఆ నల్లగీతలను పటం కట్టాడు. 1859లో కిర్కాఫ్, బున్సెన్ వాటి గుట్టు విప్పారు: ఏ పదార్థం ఏ వెలుగును ఇస్తుందో, ఆ వెలుగునే అది మింగగలదు కూడా. సూర్యుడి వాతావరణంలోనూ మన ఉప్పులోని సోడియమే ఉంది. 15 కోట్ల కిలోమీటర్ల దూరాన ఉన్న పరమాణువు మన పొయ్యిలోని పరమాణువు లాగే ప్రవర్తిస్తోంది.

ఇక గుంటూరు కథ. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన తెలుగునేల మీదుగా పోయింది. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఆయన వచ్చి గుంటూరులో దూరదర్శిని బిగించుకున్నాడు. మద్రాసు నుంచి పోగ్సన్ అనే ఇంకో శాస్త్రవేత్త మచిలీపట్నంలో దిగాడు. సూర్యుడు పూర్తిగా మూతపడగానే, అంచున ఎగసే ఎర్రని మంటల్లో మెరిసే గీతలు కనబడ్డాయి. వాటిలో ఒక పసుపు గీత ఉంది. అది ఉప్పు గీతేనని అనుకోవడం సులువు. కానీ చోటు కాస్త తప్పింది. అది 587.6 దగ్గరుంది. తేడా రెండు నానోమీటర్లు కూడా లేదు. గుంటూరులో హీలియం దొరికిందని మనవాళ్ళు ఒక్క ముక్కలో తేల్చేస్తారు గానీ, అది న్యాయం కాదు. జాన్సెన్ గొప్పతనం వేరు. ఆ మంటలను చూడ్డానికి గ్రహణమే అక్కర్లేదని గ్రహించి, మర్నాడు మామూలు ఎండలోనే వాటి గీతలు పట్టుకున్నాడు. రెండు నెలల తర్వాత ఇంగ్లండులో లాకియర్ కూడా సొంతంగా అదే చేశాడు. ఆ పసుపు గీత భూమ్మీద తెలిసిన ఏ పదార్థానిదీ కాదని గట్టిగా నిలబడింది లాకియరే. సూర్యుడి పేరు మీద హీలియం అన్న పేరు పుట్టింది. చాలామంది నమ్మలేదు. 27 ఏళ్ళు గడిచాక, 1895లో, రామ్సే యురేనియం ఉన్న ఒక ఖనిజాన్ని ఆమ్లంలో వేస్తే వాయువు బుడగలు వచ్చాయి. దాని వెలుగులో అదే గీత, అదే చోట!

ఇక్కడొక్కసారి ఆగి ఆలోచించు. సూర్యుడిలో కనబడిన గీత ఇక్కడ దేనికీ సరిపోకపోతే, "అక్కడి సూత్రాలు వేరు" అని చేతులు దులుపుకోవచ్చు. లాకియర్ లాంటివాళ్ళు ఆ పని చేయలేదు. సూత్రం ఒకటేననుకుని, మనకు తెలియని పదార్థం ఏదో ఉందన్నారు. పదార్థం దొరికింది. ఎవరూ వెళ్ళి చూడనక్కర్లేకపోయింది.

(1980 ఫిబ్రవరి 16న మళ్ళీ సంపూర్ణ గ్రహణం తెలంగాణ మీదుగా పోయింది. జపాల్-రంగాపూర్‌లో శాస్త్రవేత్తలు దుర్భిణులు సిద్ధం చేసుకుంటే, డిగ్రీ చదివిన నేను తలుపులు బిగించిన ఇంట్లో, ఊరగాయ జాడీల మీద దర్భలు వేస్తున్న మా నాయనమ్మ పక్కన కూర్చున్నాను. అలాంటి అవకాశం నాకు మళ్ళీ రాలేదు. నువ్వలా చేయకు.)

వెలుగు సంగతి అలా ఉంచి, బరువు సంగతి చూడు. మన తోటలో 16 అడుగుల చెట్టు మీంచి గెల కోస్తే నేలను తాకడానికి ఒక్క సెకను పడుతుంది. చంద్రుడు కూడా ప్రతి సెకనూ భూమి వైపు పడుతూనే ఉన్నాడు. ఎంతో తెలుసా? ఆవగింజంత, మిల్లీమీటరున్నరకు లోపే. భూమి నడిబొడ్డు నుంచి మన గెల ఉన్న దూరానికి 60 రెట్ల దూరాన చంద్రుడున్నాడు. ఆకర్షణ దూరం వర్గం చొప్పున తగ్గుతుంది కదా, అరవైని అరవైతో గుణిస్తే 3600. పదహారడుగులను 3600తో భాగిస్తే ఆ ఆవగింజే వస్తుంది. న్యూటన్ వేసిన లెక్క ఇదే. నువ్వూ ఒకసారి చేత్తో వేసి చూడు, కాలిక్యులేటర్ వద్దు.

అయితే సూత్రం వేరు, పరిస్థితి వేరు. నీకు తికమక పుట్టేది ఇక్కడే. 1864లో హగ్గిన్స్ ఒక నీహారికలో ఆకుపచ్చ గీతలు చూశాడు. హీలియం దారిలోనే దానికీ నెబ్యులియం అని ఒక కొత్త మూలకాన్ని అనుకున్నారు. ఈసారి అది తప్పు. 1927లో బోవెన్ తేల్చాడు: అవి రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్‌వి. మనం పీల్చే ఆక్సిజనే! ఇక్కడ పరమాణువులు ఒకదాన్నొకటి ఢీకొంటూ ఉంటాయి కనుక ఆ వెలుగును విడిచే తీరిక వాటికి దొరకదు. నీహారికలో ఒత్తిడి దాదాపు లేదు, ఢీకొట్టేవాళ్ళు బహు అరుదు. అలా తీరుబాటుగా ఉన్న చోట అదే ఆక్సిజన్ అదే సూత్రం ప్రకారం ఆకుపచ్చగా వెలుగుతుంది. కుక్కర్‌లో అన్నం తొందరగా ఉడికిందని నీటి స్వభావం మారిందంటామా?

కాలం మాటేమిటంటావేమో. 1987లో దక్షిణాకాశంలో ఒక నక్షత్రం పేలింది. దాని దూరం దాదాపు 1,68,000 కాంతి సంవత్సరాలు. మొదటి కొన్ని నెలలు దాటాక దాని వెలుగు తగ్గిన తీరు చూస్తే, 77 రోజులకు సగమవుతూ వచ్చింది. ఆ వెలుగుకు ఆధారమైన కోబాల్ట్-56 ఇక్కడి ప్రయోగశాలలో సగానికి తరిగే గడువూ సరిగ్గా అంతే. దాదాపు 1,68,000 ఏళ్ళ కిందట బయల్దేరిన వెలుగు అది.

ఇంకా వెనక్కి పోదాం. సత్తుపల్లి గనిలో దొరికే బొగ్గు పాతిక కోట్ల ఏళ్ళు పైబడిన అడవి. అంతకు ముప్పై రెట్లకు పైగా, 880 కోట్ల ఏళ్ళు ప్రయాణించి వచ్చిన హైడ్రోజన్ సంకేతాన్ని పుణె దగ్గరి మహా రేడియో దుర్భిణి జీఎంఆర్‌టీ పట్టుకుందని 2023లో ప్రకటించారు. హైడ్రోజన్ రేడియో తరంగం పొడవు 21 సెంటీమీటర్లు, జానెడుకు కాస్త తక్కువ. దారిలో విశ్వం సాగడంతో అది 48 సెంటీమీటర్లై చేరింది. సాగింది కదా, అదేనని ఎలా గుర్తుపట్టారంటావు. రబ్బరు పట్టీ మీద గీతలు గీసి లాగు. దూరాలు పెరుగుతాయి గానీ వాటి మధ్య నిష్పత్తి చెదరదు. ఆ సంకేతాన్ని పంపిన గెలాక్సీ నుంచి మామూలు వెలుగులో వచ్చిన గీతలు ఎన్ని రెట్లు సాగాయో, ఈ జానెడు తరంగమూ అన్ని రెట్లే సాగింది.

అలాగని ఈ విచారణ ముగిసిపోలేదు, బుజ్జీ. పరమాణు గీతల చోట్లను నిర్ణయించే సంఖ్య ఒకటుంది. అదే సూక్ష్మ నిర్మాణ స్థిరాంకం, సుమారు 1/137. దూరపు క్వాసార్ల వెలుగులో అది ఇసుమంత మారినట్టుందని వెబ్ అనే శాస్త్రవేత్త బృందం 1999 నుంచి చెబుతూ వచ్చింది. పుణెలోని ఐయూకా పరిశోధన సంస్థకు చెందిన శ్రీఆనంద్, సహచరులు 2004లో చిలీలోని పెద్ద దుర్భిణి కొలతలతో చూసి, మార్పేమీ కనబడలేదన్నారు. వాదం నడిచింది. మారినా లక్షలో ఒక వంతు దరిదాపుల్లో కొట్లాట అది! నీ ప్రశ్నకు నవ్వినవాళ్ళతో ఈ సంగతి చెప్పు. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు రాత్రుళ్ళు మేలుకుని కొలుస్తున్నది నీ ప్రశ్ననే.

నీకు నేనిచ్చే సలహా ఒక్కటే. లెక్క తప్పిన చోట తొందరపడకు. యురేనస్ దారి తప్పితే లెవెరియే, కనబడని గ్రహమేదో లాగుతోందన్నాడు. 1846లో నెప్ట్యూన్ దొరికింది. బుధుడి దారి తప్పితే 1859లో ఆయనే మళ్ళీ వల్కన్ అనే గ్రహాన్ని ఊహించాడు. ఎన్నేళ్ళు వెతికినా అది దొరకలేదు. అక్కడ మారాల్సింది సూత్రమే. 1915లో ఐన్‌స్టీన్ కొత్త గురుత్వ సూత్రంతో బుధుడి దారిలో శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్ల తేడా సరిపోయింది. అదే మనిషి, అదే పద్ధతి. ఒకసారి వస్తువు దొరికింది, ఇంకోసారి సూత్రం కూలింది. ఏది ఎప్పుడో ముందే చెప్పే మంత్రం లేదు. అయితే గమనించు, ఐన్‌స్టీన్ సూత్రం కూడా బుధుడికొకటి, దమ్మపేటకొకటి అనలేదు. ఆ పని ఎవరు చేయబోయినా కొలతలు అడ్డం తిరిగాయి. అందుకే నేను ఒకటేనంటున్నాను, మనం కొలిచినంత మేరకు. కొలవనిది నువ్వు కొలువు. సెమినార్‌కు ఇదే విషయం తీసుకో, భయపడకు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు పాత సీడీ ఒకటి, చెప్పుల అట్టపెట్టె ఒకటి తీసుకురా. రెండు బ్లేడుల మధ్య వెంట్రుకవాసి సందు పెట్టి గీతలు చూసే పెట్టె చేద్దాం. పగలు తెల్లమబ్బు వైపు తిప్పుదాం, సూర్యుడి వైపు మాత్రం వద్దు. పసుపు చోట నల్లగీత కనబడుతుందేమో వెతుకు. చీకటి పడ్డాక గొల్లకావడి చుక్కల కింద మసకగా మెరిసే నీహారిక మచ్చను మీ మామయ్య బైనాక్యులర్‌లో చూపిస్తాను. ఆ ఆక్సిజన్ ఆకుపచ్చ వెలుగు వచ్చేది అలాంటి చోటు నుంచే. పొయ్యి అమ్మమ్మ ముట్టిస్తుంది. రాళ్ళుప్పు జాడీ అటక మీంచి ఇప్పుడే దించి పెట్టించాను.

నీ తాతయ్య