విమానానుకరణ సాఫ్ట్‌వేరును ఎన్నుకొనుట

విద్యార్థులారా! నేల విడువకయే విమానము నడుపుట నేర్వవచ్చునని 1929వ సంవత్సరమున ఎడ్విన్ లింక్ అను అమెరికా దేశస్థుడు తన యంత్రముచే చూపెను. నేడు ఆ పని ఇంటి కంప్యూటరే చేయుచున్నది. అయినను, ధర చెల్లించుటకు ముందు రెండు సంగతులు విచారింపవలెను: మనము నేర్వగోరునదేమి? మన కంప్యూటరునకు గల శక్తి యెంత?

మైక్రోసాఫ్టువారి 2024 నాటి ఫ్లైట్ సిమ్యులేటరు భూదృశ్యములను ఇంటర్నెట్టు ద్వారా తెప్పించుకొనును. కావున శక్తిగల కంప్యూటరును, వేగముగల ఇంటర్నెట్టును లేని యింట అది ప్రయోజనపడదు. ఎక్స్-ప్లేన్ అనునది రెక్కలను చిన్న ఖండములుగా విభజించి, ప్రతి ఖండముపై గాలి కలుగజేయు బలమును గణించును. విమానగతిని నేర్వగోరువారికి ఇది తగినది. దీని మాదిరి ప్రతిని ఉచితముగా పరీక్షింపవచ్చును. ఫ్లైట్‌గేర్ పూర్తిగా ఉచితము. దాని సోర్సు కోడును ఎవరైనను చదివి సవరింపవచ్చును.

ఇంట నిట్లు గడపిన గంటలు పైలట్ లైసెన్సునకు లెక్కకు రావు. కాని విమానము ముక్కును మితిమీరి పైకెత్తినచో రెక్కలకు ఎత్తుబలము ఏల తగ్గునో కన్నులార చూచి గ్రహించుట గొప్ప లాభము. కావున తలిదండ్రులు మొదట ఉచితమైనదానిని తెచ్చి, బిడ్డల ఆసక్తి నిలిచిన పిమ్మటనే ధనము వెచ్చించుట మేలు. చిత్రముల సొగసు గాక, కలుగు జ్ఞానమే ఎన్నికకు కొలతగా నుండవలెను.