గ్రామసంఘ నిర్మాణము

విద్యార్థులారా! ఇంటిలోనికి బోయినప్పుడు మనము గోడలను జూతుము గాని, దూలము వాసములను, వాసములు కప్పును ఏ రీతిని మోయుచున్నవో యోచింపము. సంఘమును అట్టిదే. ఒక్కొక్కని గుణము నెరిగినంతమాత్రమున సంఘము తెలియదు. ఎవరికి ఏ స్థానము గలదు, ఆ స్థానమునకు విధింపబడిన పని యేది, ఎవరికి ఎవరితో నెట్టి సంబంధము గలదు అను నేర్పాటునకే సంఘ నిర్మాణమని పేరు.

మన కొనకనమిట్ల, పొదిలి, మార్కాపురము ప్రాంతములందలి పూర్వపు గ్రామమును జూడుడు. రైతు సేద్యము చేయించెడివాడు. మాదిగవారు చెప్పులను, కపిలబానలను కుట్టి, జాతరలో డప్పు గొట్టి, చచ్చిన పశువులను మోసికొని పోయెడివారు. ఇందులకు కళ్లములో మేర ధాన్యము లభించెడిది. చాకలికిని మంగలికిని ఇట్లే మేర గలదు. ఒకరు లేక మరియొకరికి గడవదు. అయినను ఊరిబావి అందరిదియు గాదు. పరస్పరావసరము సమానత్వము గాదని దీనివలన గ్రహింపవలెను.

ఈ నిర్మాణ మెట్లు కదలెను? 1866లో ఒంగోలున స్థిరపడిన జాన్ క్లౌ దొరగారును, తాళ్లకొండపాడు వాస్తవ్యులగు యెర్రగుంట్ల పేరయ్యగారును బోధింపగా, మాదిగ విశ్వాసులు మూడు నియమములను గైకొనిరి: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశుమాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. ఇవి మతనియమములే. కాని ఆదివారము పని మానగా కామందునకును, డప్పు మానగా జాతరకును లోటు కలిగెను. కావుననే పలుగ్రామములలో వారికి హింసలు సంభవించెను.

1876–78 కరవులో క్లౌ దొరగారు బకింగుహాము కాలువ పనిలో కొంతభాగమును గుత్తకు దీసికొని, స్వదేశ బోధకులను మేస్త్రీలుగా నియమించిరి. కూలి రొక్కముగా చేతికి వచ్చుటచే, పనివానికి కళ్లము తప్ప వేరు ఆధారము గలదని తెలిసెను. కరవుకాలమున బాప్తిస్మములు నిలిపి, పిమ్మట 1878 జులై 3న గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లిలో ఒక్కదినముననే 2,222 మందికి ఇచ్చిరి.

అయినను నిర్మాణము త్వరగా మారదు. మన సంఘములలోనే మాల మాదిగ భేదము నిలిచియున్న తావులు గలవని యొప్పుకొనవలెను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసెను. ఆచరణము మన చేతిలోనిది.

మీ యూరిలో కుళాయి యొద్దను, విందులోను, ప్రార్థనాలయమునను, శ్మశానమునను ఎవరి స్థలమెచ్చటనో చూచి వ్రాసికొని రండు. పూర్వము మేర యెట్లు కొలిచిరో మీ తాతలను అవ్వలను అడుగుడు. పుస్తకము చెప్పజాలని పాఠము వారియొద్ద గలదు.