ఆలస్యంగా వచ్చిన పిల్లని గుమ్మంలో నిలబెట్టకు చెల్లీ

టీచింగ్ ప్రాక్టీసుకి ఎవరికి ఏ స్కూలో లిస్టు పెట్టేశారట కదా? ఇంకేం, నిన్నట్నుంచీ అన్నం సయించి ఉండదు. పిల్లలు మన మాట వింటారా, వెనక బెంచీలో ఎవడో కిసుక్కున నవ్వితే ఏం చెయ్యాలి, సూపర్‌వైజరు మూల కూచుని ఏదో రాసుకుంటుంటే అసలు నోరు పెగులుతుందా... ఇవే కదూ? మనందరికీ ఇవే బెంగలు. నేనూ నీతోపాటు బీఎడ్ చదువుతున్నదాన్నే. కాకపోతే నా పిల్లలు బడికెళ్ళడం మొదలెట్టాక కాలేజీలో చేరాను కాబట్టి క్లాసులో అందరూ అక్కా అంటారు. ఆ చనువుతోనే చెబుతున్నా, ఇలా వచ్చి కూచో. టీ తాగుతూ ఒక్కొక్కటీ సర్దుకుందాం.

ముందు ఆ మొదటి రోజు భయం. గిజూభాయి రాసిన ‘పగటికల’ చదివావా? తెలుగులో దొరుకుతుంది. గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో చిన్నపిల్లల బడి నడిపిన మనిషి ఆయన. ఆ పుస్తకంలో కొత్తగా వచ్చిన మాస్టారు ఒకాయన ఎంతో ఆలోచించుకుని, నాలుగో తరగతి పిల్లలతో మౌనంగా కూచునే ఆట ఆడిద్దామనుకుంటాడు. పిల్లలు ఒకటే గోల! ఆయన వేసుకున్న ప్రణాళికంతా ఆ పూటే మూలపడుతుంది. మర్నాడు వచ్చి కథ మొదలెడతాడు, అప్పుడు క్లాసు కుదుటపడుతుంది. మొదటి రోజు పాఠం చెడితే కొంప మునగదని అంత పెద్దాయనే రాసిపెట్టాక మనకెందుకమ్మా కంగారు? లెసన్ ప్లానుతోపాటు ఒక మంచి కథ కూడా సిద్ధం చేసుకుని వెళ్ళు. గొడవ ఎక్కువైనప్పుడు గొంతు పెంచకు, ఆగిపో. మనం ఆగితే వాళ్ళూ ఆగి చూస్తారు. బోర్డు మీద రాశాక వెనక బెంచీ దాకా నడిచెళ్ళి నీ అక్షరాలు నీకు కనిపిస్తున్నాయో లేదో చూసుకో. హాజరుపట్టీ ముందురోజే అడిగి తీసుకుని పేర్లు బట్టీ పట్టు. మనం బట్టీ పట్టాల్సింది అవే!

“మరి ఆ విద్యా చరిత్ర పేపరో అక్కా? 1835 మెకాలే, 1854 వుడ్, 1882 హంటర్, 1964 కొఠారి... ఎన్నిసార్లు చదివినా ఒకరి సంవత్సరం ఇంకొకరికి అంటుకుంటోంది” అంటావా? సంవత్సరాలతో మొదలెడితే అంతే. ఆ రోజుల్లో ఏ పిల్ల బడికొచ్చింది, ఏ పిల్ల రాలేదు, వచ్చిన పిల్లని ఎలా చూశారు అని వెతుక్కుంటూ చదివి చూడు, పేపరంతా మన ఊరి కబుర్లలాగే ఉంటుంది.

మెకాలేకన్నా ముందు సంగతి ఒకటి చెబుతా విను. రాయలసీమవాళ్ళు అభిమానంతో పిల్లలకి ‘మన్రోలప్ప’ అని పేరు పెట్టుకున్నారే, ఆ థామస్ మన్రో దొర మద్రాసు గవర్నరుగా ఉండగా, 1822లో, మీ జిల్లాల్లో బడులెన్ని, పిల్లలెందరు అని కలెక్టర్లందరికీ ఉత్తరాలు రాశాడు. అన్ని జిల్లాలవీ కలిపితే 12,498 బడులు తేలాయి. బళ్ళారి నుంచి 1823లో జవాబు రాసినవాడు ఎ.డి. క్యాంప్‌బెల్, తెలుగుకి వ్యాకరణమూ నిఘంటువూ రాసిన ఆ క్యాంప్‌బెల్లే. అప్పటి బళ్ళారి జిల్లా అంటే మన అనంతపురం కూడా అందులోదే. అక్కడ 533 బడులు, వాటిలో 226 తెలుగు బడులు. మొత్తం 6,641 మంది పిల్లలు. అందులో ఆడపిల్లలెందరనుకుంటున్నావ్? 60 మంది! జిల్లా జనాభా తొమ్మిది లక్షల పైచిలుకు. ఆ అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ అరవైమందీ ఎవరింటి పిల్లలో, అక్షరాలు నేర్చుకుని ఏం చదువుకున్నారో, ఎన్నాళ్ళు రానిచ్చారో! ఇవాళ మనం చీర కుచ్చిళ్ళు సర్దుకుని, చేతిలో రికార్డు పట్టుకుని క్లాసులోకి నడుస్తున్నామంటే వాళ్ళ వరసలోంచి వచ్చినవాళ్ళమే కదా.

క్యాంప్‌బెల్ రాసిన ఆ ఉత్తరంలో బడి మొత్తం కళ్ళకి కడుతుంది. ఐదో ఏట అక్షరాభ్యాసం, వినాయకుడి ముందు పిల్లాడి వేలు పట్టుకుని బియ్యంలో రాయించడం మనకి తెలిసినవే. మర్నాటి నుంచీ వీధిబడి. పొద్దున్నే అందరికన్నా ముందొచ్చిన పిల్లాడి అరచేతిలో అయ్యవారు సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్న చుడతారు, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగోవాడికి రెండు. అలా వచ్చినవాడికల్లా ఒక్కో దెబ్బ పెరుగుతూ పోతుంది. ఆ లెక్కన చిట్టచివర వచ్చిన పసివాడి చెయ్యి ఏమైపోవాలి? వాడెందుకు ఆలస్యమయ్యాడో ఎవరైనా అడిగారా? ఇంటి దగ్గర పశువుల్ని వదిలి వచ్చాడా, మగ్గం దగ్గర నాన్నకి పోగులందించి వచ్చాడా? నేతవాళ్ళ బతుకులు చితికిపోతున్నాయనీ, సీమగుడ్డలు దిగాక పిల్లల్ని బడికి పంపే స్తోమత జనానికి తగ్గిపోయిందనీ ఆ క్యాంప్‌బెల్లే అదే ఉత్తరంలో రాశాడు. ఆలస్యానికీ ఆకలికీ అంత దగ్గర చుట్టరికం ఉంది చెల్లీ.

ఇప్పుడు మన రోజులకి వద్దాం. మొన్న పరిశీలనకి నేను వెళ్ళిన ఊళ్ళో ఆరో తరగతి పిల్ల ఒకతి రోజూ ప్రార్థన అయిపోయాకే వచ్చేది. ఆలస్యమైతే గుమ్మం బయట నిలబడాలని అక్కడో కట్టుబాటు. ఒకరోజు లెక్కల పీరియడ్లో వెనక కూచుని పరిశీలన రాసుకుంటూ అటు చూశాను. లంగా అంచు మోకాళ్ళ దాకా తడిసి ఉంది. భుజాన సంచీ దించలేదు. లోపల భిన్నాల లెక్క చెబుతుంటే ఆ పిల్ల బయటే పెదాలు కదుపుతూ, బొటనవేలితో కణుపులు లెక్కపెట్టుకుంటూ, లోపలివాళ్ళందరికన్నా ముందే జవాబు పట్టేసింది. పట్టేసి, చెప్పడానికి లేక, తల దించుకుంది. విరామంలో పక్కన కూచోబెట్టుకుని అడిగితే తెలిసింది, పొద్దున్నే కుళాయి దగ్గర నీళ్ళు పట్టి, తమ్ముణ్ణి అంగన్‌వాడీలో దింపి రావాలిట. తల్లి తెల్లారకుండానే కూలికి వెళ్ళిపోతుందిట. క్లాసు టీచరు మంచావిడ, చెప్పగానే అంగన్‌వాడీ టీచరుతో మాట్లాడారు. ఆవిడ కాస్త ముందే వచ్చి తలుపు తియ్యడానికి ఒప్పుకున్నారు. అంతే! ఎవరికీ పైసా ఖర్చు కాలేదు.

అందుకని చెబుతున్నా, ఇది మాత్రం నా మాట విను. ఆలస్యంగా వచ్చిన పిల్లని ముందు లోపలికి రానివ్వు. కూచోనివ్వు. “ఎందుకాలస్యం?” అని అందరిముందూ అడగకు, విరామంలో అడుగు. మొదటి పది నిమిషాలు కొత్త పాఠం మొదలెట్టకు. నిన్నటిది ఒకసారి తిరగేయించు, అప్పుడు ఆలస్యమైన పిల్లకి ఏదీ పోదు, వేళకి వచ్చినవాళ్ళకీ మంచిదే.

“కొట్టకపోతే మాట వింటారా అక్కా? స్టాఫ్‌రూములో అందరూ అదే అంటున్నారు” అని నీ సందేహం. వీధిబళ్ళలో కోదండం వేసేవారు, చేతులు దూలానికి కట్టి వేలాడదీసేవారు. గుంజీలూ, గోడకుర్చీలూ మన తాతల దాకా వచ్చాయి. అంత చేసినా వచ్చిన చదువేమిటో తెలుసా? పద్యాలు గడగడ అప్పజెబుతారు గానీ అర్థం చిలక్కెంత తెలుసో వాళ్ళకీ అంతే తెలుసునని ఆ క్యాంప్‌బెల్ ఉత్తరంలోనే ఉంది. ఇప్పుడైతే చట్టమే ఉంది. 2010 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 17వ సెక్షను ప్రకారం పిల్లల్ని కొట్టకూడదు, మాటలతో మనసు నొప్పించనూకూడదు. చట్టం సంగతలా ఉంచి, దెబ్బ తిన్న పిల్ల ఆ పూట నీ పాఠం వింటుందా, దెబ్బనే తలుచుకుంటుందా? నువ్వే చెప్పు. చెయ్యి లేచేంత కోపం వస్తే రెండడుగులు వెనక్కి వేసి బోర్డు తుడుచుకో. నిజంగానే పనిచేస్తుంది.

ఆ పాత బడుల్లో తీసుకోదగ్గ మంచీ ఉందమ్మా. పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకి నేర్పడం క్యాంప్‌బెల్‌కి భలే నచ్చింది. అంతకు ముందే మద్రాసు ఎగ్మూరులో అనాథ పిల్లల బడి నడిపిన ఆండ్రూ బెల్ ఈ పద్ధతి చూసి, తన బడిలో పెట్టి, 1797లో లండన్‌లో పుస్తకం వేయిస్తే ఇంగ్లండంతా మద్రాసు పద్ధతని పాకిపోయింది. ఆరో తరగతిలో సగంమందికి చదవడం రావట్లేదని హడలిపోకు. చదవడం వచ్చిన పిల్ల పక్కన రాని పిల్లని కూచోబెట్టు. వారం వారం జంటలు మార్చు, లేకపోతే ఒకళ్ళు ఎప్పుడూ గురువూ ఒకళ్ళు ఎప్పుడూ మొద్దూ అయిపోతారు.

ఇంకో బెంగ కూడా ఉంది కదూ? తండా నుంచో గూడెం నుంచో వచ్చే పిల్లలు మనం ఏమడిగినా పలకరు. పలకరంటే రాదని కాదు. మనం మాట్లాడే తెలుగు వాళ్ళింట్లో ఎవరూ మాట్లాడరు. గిడుగు రామమూర్తి పంతులుగారిని మనం వాడుకభాష కోసం, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం కోసం తలుచుకుంటాం గానీ, ఆయన పర్లాకిమిడిలో బడిపంతులు. చుట్టుపక్కల కొండల్లో సవరల పిల్లలకి చదువు చెప్పాలంటే ముందు తనకి సవర రావాలని కూచుని నేర్చుకున్నారు. వాళ్ళకి వాచకాలు రాశారు, బడులు పెట్టారు, సవర నిఘంటువూ చేశారు. 2000ల మొదట్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోయ, గోండి, కొలామి, సవర, లంబాడీ భాషల్లో తెలుగు లిపితో చిన్న తరగతుల పుస్తకాలొచ్చాయంటే ఆ దారి ఆయన వేసిందే. మనం నిఘంటువులు రాయక్కర్లేదులే. నీళ్ళు, అన్నం, రా, కూచో, బాగుంది, ఈ ఐదు మాటలూ వాళ్ళ భాషలో వాళ్ళనే అడిగి నేర్చుకో. నువ్వు తప్పుగా పలికినప్పుడు వాళ్ళు నవ్వి దిద్దుతారు చూడు, ఆ రోజు నుంచీ నోరు విప్పుతారు.

బడికి ఆలస్యంగా రావడమంటే పది నిమిషాలే కాదు కదా, పదేళ్ళు ఆలస్యంగా వచ్చేవాళ్ళూ ఉంటారు. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌కి ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. స్వాతంత్ర్యోద్యమం, జైళ్ళు, అన్నీ అయ్యాక బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష ప్రైవేటుగా కట్టి, అక్కణ్ణుంచి లాయరు దాకా చదివారు. తన ఒక్కదాంతో ఊరుకున్నారా? 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, చదువు ఆగిపోయిన ఆడవాళ్ళని కూచోబెట్టి అదే బెనారస్ మెట్రిక్‌కి తయారుచేశారు. తర్వాత 1990లలో రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హాగారి ఎంవీ ఫౌండేషన్, పొలాల్లో, ఇళ్ళల్లో పనిచేస్తున్న పిల్లల్ని శిబిరాలకి తెచ్చి, కొన్ని నెలలు చదువు చెప్పి, వాళ్ళ వయసుకి తగ్గ తరగతిలో కూచోబెట్టింది. పన్నెండేళ్ళ పిల్లని ఒకటో తరగతిలో పసివాళ్ళ మధ్య కూచోబెడితే సిగ్గుతో మర్నాడే మానేస్తుందని వాళ్ళకి తెలుసు. వయసుకి తగ్గ తరగతి అన్న మాట తర్వాత విద్యాహక్కు చట్టంలో 4వ సెక్షనుగా వచ్చింది. నీ క్లాసులో అలాంటి పొడుగుపిల్ల ఒకతి ఉండొచ్చు. “ఇంత పెద్దదానివి, ఇది కూడా రాదా?” అన్న మాట పొరపాటున కూడా నీ నోట రాకూడదు, సరేనా?

ఇక మన ఆలస్యం సంగతి. పెళ్ళయ్యాక, పిల్లలయ్యాక బీఎడ్‌కి వచ్చినవాళ్ళం క్లాసుకి నలుగురైదుగురం ఉంటాం. టెట్ రాయాలి, డీఎస్సీ ఎప్పుడు పడుతుందో తెలియదు, వయసు దాటిపోతుందేమోనని లోపల గుబులు. పగలు ప్రాక్టీసు, సాయంత్రం వంట, రాత్రి రికార్డు. నడుం నొప్పి సరేసరి. చూడు, రికార్డు ఆఖరి రాత్రికి పెట్టుకోకు, ఏ రోజు పాఠం ఆ రోజే, స్కూల్లోనే, మధ్యాహ్న భోజనం తర్వాతి ఖాళీలో రాసెయ్. చార్టులు ఇంట్లోవాళ్ళ చేత కత్తిరింపించు, అడిగితే చేస్తారు. డీఎస్సీ బిట్లకి రోజూ గంట చాలు, ఆ చరిత్ర కమిషన్లన్నీ నీ క్లాసులో పిల్లల్ని తలుచుకుంటూ చదివితే వాటంతటవే గుర్తుంటాయి. ఒక చిన్న నోటుపుస్తకం కొనుక్కుని ఒక్కో పిల్లకి ఒక్కో పేజీ ఇయ్యి. ఏ ఊరు, ఎలా వస్తుంది, ఇంట్లో ఏ భాష, ఏమడిగితే కళ్ళు మెరుస్తాయి, అంతవరకు రాసుకో చాలు. మార్కులు అందులో రాయకు. సోమవారం నీ స్కూలున్న ఊరికి మొదటి బస్సు ఎన్నింటికో ఇవాళే కనుక్కో, డబ్బాలో ఇంకో రెండు చపాతీలు ఎక్కువ పెట్టుకో. నీకు ఆకలేస్తుంది, పక్కన ఎవరో ఒకరు తెచ్చుకుని ఉండరు.