కౌటలీయమున ఆశుమృతకపరీక్ష

కౌటిల్యుని అర్థశాస్త్రమున కంటకశోధనమను నాలుగవ అధికరణమందలి ఏడవ అధ్యాయము ఆశుమృతకపరీక్ష. ఆశుమృతకుడనగా హఠాత్తుగా మరణించినవాడు. ‘హతుడు’ అనక ఈ పదమును గ్రహించుటలోనే శాస్త్రదృష్టి కలదు. చంపబడెనో, తానే చనిపోయెనో పరీక్షకు ముందు తేలదు గదా!

నేటి న్యాయవైద్యము మరణకారణమును, మరణవిధమును వేరుచేయును. ఊపిరాడకుండుట కారణము, అది హత్యయా, ఆత్మహత్యయా, ప్రమాదమా యనునది విధము. కౌటిల్యుడు వీనికి పేర్లు పెట్టలేదు గాని భేదము నెరిగినవాడే. నూనె పూసిన కళేబరమున కాలుసేతుల వాపు, తెరచిన కన్నులు, కంఠమున గుర్తు మున్నగునవి కనిపించినచో ఊపిరాడనీయక చంపిరని నిర్ణయింపుమనెను. వానితోపాటు చేతులును తొడలును ముడుచుకొనియున్నచో ఉరియనెను. అంతటితో ఆగక, చంపి వ్రేలాడదీసిరేమో చూడుమనెను.

విషమృతుని భోజనశేషమును దేనితో పరీక్షింపవలెననుచోట పాఠభేదము కలదు. శామశాస్త్రిగారు 1915 నాటి ఆంగ్లానువాదమున ‘పాలతో’ అనిరి; అది ‘పయోభిః’ అను పాఠము ననుసరించును. కాంగ్లేగారి 1960 నాటి పరిష్కరణమున ‘వయోభిః’, అనగా పక్షులతో, అని యున్నది. ఒక్క యక్షరము మారినంతనే ద్రవపరీక్ష జీవపరీక్ష యగుచున్నది! మొదటి అధికరణమున రాజు భుజించుటకు ముందు అగ్నికిని పక్షులకును బలి యిడవలెనని యున్నది. ఇచ్చటను వెనువెంటనే అగ్నిపరీక్ష చెప్పబడినది. కావున ‘వయోభిః’ పాఠమే బలీయము.