పిల్లలతో విజన్ బోర్డు చేద్దాం

పెద్దయ్యాక ఏమవుతావని అడిగితే ఆదిలాబాద్‌లోనైనా కరీంనగర్‌లోనైనా పిల్లలు ఠక్కున డాక్టర్ అనో పోలీస్ అనో చెప్పేస్తారు. అందుకు రేపటి నుంచి ఏం చేయాలో వాళ్లకూ తెలియదు, మనమూ చెప్పం. విజన్ బోర్డు ఉంటే అనుకున్నదీ, చేయాల్సిందీ ఒకే అట్ట మీద రోజూ కళ్లబడతాయి. ఒక ఆదివారం రెండు గంటలు కేటాయిస్తే చాలు.

కావలసినవి

- ఒక చార్టు, లేదా పాత క్యాలెండర్ అట్ట
- పాత పత్రికలు, ఆదివారం అనుబంధాలు
- మొన మొద్దుగా ఉన్న కత్తెర, ఫెవికాల్, స్కేలు, స్కెచ్ పెన్నులు
- చిన్న కాగితం చీటీలు, గుండుసూదులు

చేసే విధానం

1. ముందు మాట్లాడదాం. కత్తెర, జిగురు ఇప్పుడే బయటికి తీయొద్దు. "ఈ ఏడు ఏం నేర్చుకోవాలనుంది? ఏది చేస్తుంటే టైమే తెలియదు?" అని అడుగుదాం. చెప్పినవన్నీ వాళ్ల మాటల్లోనే రాసుకుందాం. ఈత అన్నా, డ్యాన్స్ అన్నా నవ్వొద్దు. మర్లవాయి ఊరి కనకరాజుకు పద్మశ్రీ తెచ్చింది గోండుల గుస్సాడీ నృత్యమే.

2. మూడే ఎంచుకుందాం. చదువులో ఒకటి, ఆటలోనో కళలోనో ఒకటి, మంచి అలవాటు ఒకటి. "బాగా చదవాలి" అని రాస్తే ఎంతవరకు వచ్చామో తెలియదు. "దసరా సెలవుల్లోపు 20 ఎక్కాలు రావాలి" అని రాద్దాం.

3. గీతలు గీద్దాం. చార్టును మూడు నిలువు గళ్లు చేసి, మధ్యలో ఒక అడ్డగీత గీయాలి. పై సగం కోరికకు, కింది సగం దానికోసం చేసే పనికి. ఈ అడ్డగీత మరిచిపోతే చార్టంతా బొమ్మలతోనే నిండిపోతుంది.

4. పైన బొమ్మలు అతికిద్దాం. ముందు జిగురు లేకుండా పేర్చి చూసుకోవాలి. న్యూస్‌పేపర్ పలుచన కాబట్టి ఫెవికాల్ ఎక్కువైతే ముడతలు పడి వెనక అచ్చు కనబడుతుంది. అంచులకు పలుచగా రాసి, పొడిగుడ్డతో నొక్కితే చాలు. బొమ్మ దొరకకపోతే పిల్లలనే గీయమందాం.

5. కింద పని రాద్దాం. నిజామాబాద్ జిల్లా పాకాల ఊరికి చెందిన గురుకుల విద్యార్థిని మలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. అంతకుముందు ఆమె భువనగిరి గుట్ట మీద ఎక్కడం నేర్చుకుంది. తర్వాత డార్జిలింగ్, లడఖ్‌లలో శిక్షణ పొందింది. ఆమెకు బోర్డు చేస్తే పై గడిలో ఎవరెస్టు, కింది గడిలో భువనగిరి గుట్ట ఉండాలి. అలాగే మన పిల్ల పైన చొప్పదండి నవోదయ విద్యాలయంలో సీటు అని పెడితే, కింద "రోజూ బడి నుంచి వచ్చాక, బల్ల దగ్గర, 5 లెక్కలు" అని రావాలి. ఎప్పుడు, ఎక్కడ, ఎంత అన్న మూడూ ఉన్నాయో లేదో చూసుకుందాం. దీన్ని చీటీ మీద రాసి గుండుసూదితో గుచ్చితే తర్వాత మార్చుకోవచ్చు.

6. అడ్డంకి ముందే అడుగుదాం. "ఆ టైంకి టీవీ పెడితే?" అంటే పిల్లలే ఉపాయం చెబుతారు. అదీ చీటీ మీద రాయిద్దాం.

7. గోడకు పెడదాం. పిల్లల కంటి ఎత్తులో, వాళ్లు చదువుకునే చోట. చుట్టాల ముందు ప్రదర్శనకు కాదు. ప్రతి ఆదివారం చూసి, అయిన పని చీటీ తీసి కొత్తది గుచ్చుదాం.

తరచూ జరిగే పొరపాట్లు

- మన కోరిక అతికించడం. పిల్లాడు కబడ్డీ అంటే మనం స్టెతస్కోపు బొమ్మ కత్తిరిస్తాం. అలా చేస్తే ఆ బోర్డును వాడు మళ్లీ చూడడు.
- కప్పులు, పతకాలతోనే నింపడం. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 1999లో ప్రచురించిన అధ్యయనంలో, మంచి మార్కులు వచ్చినట్టు ఊహించుకున్న విద్యార్థుల కన్నా, కూర్చుని చదువుతున్నట్టు ఊహించుకున్నవాళ్లే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు.
- అక్క బోర్డుతో తమ్ముడి బోర్డును పోల్చడం.
- ఒక వారం తప్పితే తిట్టడం. పని పెద్దదైందేమో చూసి, 5 లెక్కలను 3 చేద్దాం.

ఈ వారం పాత పేపర్లు తూకానికి వేయకండి. ఆదివారం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని మొదటి ప్రశ్న అడగండి. కత్తెర మాత్రం వాళ్ల చేతికే ఇవ్వండి.