ఇంటికి వచ్చిన అంతర్జాలం

శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి మండలంలో జాతీయ రహదారిని ఆనుకొని ఉన్న గ్రామం నిమ్మాడ. ఇటువంటి గ్రామాల విద్యార్థులకు పట్టణంతో గల దూరాన్ని తగ్గించిన సాధనం అంతర్జాలం.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఫైబర్‌నెట్ పథకాన్ని 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. ఇందులో గాజు తంతువుల కేబుల్‌ను విద్యుత్ స్తంభాల మీదుగా లాగారు. ఆ కేబుల్‌లో సమాచారం కాంతి రూపంలో ప్రయాణిస్తుంది. ఇంటిలోని మోడెం ఆ కాంతిని విద్యుత్ సంకేతాలుగా మారుస్తుంది. రౌటర్ వాటిని రేడియో తరంగాలుగా వెదజల్లుతుంది. ఇదే వైఫై.

రౌటర్‌ను ఇంటి నడుమ, కొంత ఎత్తున అమర్చాలి. మందపాటి గోడలు, ఇనుప బీరువాలు తరంగాలను అడ్డుకుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు దూరం వ్యాపిస్తాయి. 5 గిగాహెర్ట్జ్ తరంగాలు ఎక్కువ వేగాన్ని ఇస్తాయి, కాని గోడలు దాటేసరికి బలహీనపడతాయి. రౌటర్‌తో వచ్చిన పాస్‌వర్డును వెంటనే మార్చి, డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 రక్షణను ఎంచుకోవాలి. తలుపునకు గడియ ఎటువంటిదో వైఫైకి పాస్‌వర్డు అటువంటిది. దానిని ఇతరులు దుర్వినియోగం చేస్తే విచారణ ముందుగా ఆ ఇంటి గుమ్మానికే వస్తుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు వేలాది విద్యుత్ స్తంభాలు నేలకూలాయి. స్తంభం కూలితే విద్యుత్తు ఆగుతుంది, దానిపై సాగిన కేబుల్ తెగుతుంది, రౌటర్ మూగబోతుంది. తీగ లేని అంతర్జాలానికి కూడా ఆధారం తీగే! కనుక తుపాను హెచ్చరిక వినగానే ముఖ్యమైన ఫోన్ నంబర్లను కాగితంపై రాసుకోవడం, చదువుకు కావలసిన పాఠాలను ముందే భద్రపరచుకోవడం వివేకవంతుల లక్షణం.