మేక మేయని ఆకు, నా ఇన్‌హేలర్

సంక్రాంతికి బొబ్బిలి దగ్గర అమ్మమ్మ వాళ్ళ ఊరెళ్తే ప్రతిసారీ నూర్పుల దుమ్ముకి నాకు తుమ్ములు, ఆ వెనకే పిల్లికూతలు. ఈసారి అమ్మమ్మ కంచె మీది తీగ నుంచి ఒక ఆకు తెంపుకొచ్చి, "ఆ పంపు ఎన్నాళ్ళు పీలుస్తావురా బాబూ, రోజుకొకటి ఇది నమిలీ" అంది. అది మేక మేయని ఆకు. వెర్రిపాల అని కూడా అంటారు. శాస్త్రీయ నామం టైలోఫోరా ఇండికా. ఇన్‌హేలర్ పక్కన పెట్టొచ్చా అనేది నాకు నిజంగా తేలాల్సిన ప్రశ్న. అందుకే కూర్చుని చదివాను (నా బయాలజీ టెన్త్‌తోనే ఆగిపోయింది, గమనించగలరు).

ముందు ఎలర్జీ సంగతి. మన ఒంట్లో మాస్ట్ కణాల మీద ఐజీఈ యాంటీబాడీలు ఈవెంట్ లిజనర్లలా కాచుకుని ఉంటాయి. తమకి పడని పుప్పొడి లాంటిది తగలగానే కణం హిస్టమిన్‌ని బయటికి వదిలేస్తుంది. ముక్కు కారడం, ఊపిరి గొట్టాలు బిగుసుకోవడం అన్నీ ఆ తర్వాతే. సెట్రిజిన్ బయటికొచ్చిన హిస్టమిన్‌ని పని చేయనివ్వదు. అసలు బయటికే రాకుండా ఆపితే ఇంకా మేలు కదా?

అమ్మమ్మ ఆకుని నిజంగానే పరీక్షించారట! ఢిల్లీ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్ డాక్టర్ శివపురి బృందం 1969లో ప్రచురించిన ప్రయోగంలో 110 మంది రోగులు. కొందరికి ఈ ఆకు, కొందరికి పాలకూర, రోజుకొకటి చొప్పున ఆరు రోజులు. వారం తిరిగేసరికి ఈ ఆకు నమిలినవాళ్ళలో 62 శాతం మందికి, పాలకూర వాళ్ళలో 28 శాతం మందికి ఉపశమనం. చదివి ఎగిరి గంతేశాను.

కానీ ఈ ఆకు నమిలితే నోరు పూస్తుంది, ఉప్పు రుచి తెలీదు, వాంతులవుతాయి. పాలకూరకి అవేవీ రావు. మరి తాను తిన్నదేదో రోగి కనిపెట్టేయడా? 1979లో ఇంకో బృందం డబుల్ బ్లైండ్ పద్ధతిలోనే చేస్తే చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

మొక్క నుంచి వచ్చి నిలబడిన మందు వేరే ఉంది. ఈజిప్టులో వాడే అమ్మి విస్నగా గింజల్లో కెల్లిన్ ఉంటుంది. దాన్ని రకరకాలుగా మార్చి కొత్త పదార్థాలు చేశారు. బ్రిటన్‌లో రోజర్ ఆల్తూన్యాన్ అనే డాక్టరు, తనకే ఉబ్బసం, గినీపిగ్ వెంట్రుకల సారం పీల్చి కావాలని ఆయాసం తెచ్చుకుని వాటిని తన మీదే పరీక్షించుకున్నాడు. ఏళ్ళ తరబడి! 1965లో తేలింది క్రోమోగ్లైకేట్. అది మాస్ట్ కణాన్ని హిస్టమిన్ వదలనివ్వదు. అయితే ముందుగా వాడాలి, ఆయాసం వచ్చేశాక పనికిరాదు. ఎలర్జీ కంటి చుక్కల్లో ఇప్పటికీ ఉంది.

మన అడ్డసరం కథా ఇలాంటిదే. అందులోని వాసిసిన్ ఆధారంగానే దగ్గు సిరప్‌లలో ఉండే బ్రోమ్‌హెక్సిన్, అంబ్రాక్సాల్ పుట్టాయి. కాకపోతే అవి కఫాన్ని పల్చబరుస్తాయి, ఎలర్జీని ఆపవు.

ఇదంతా ఫోన్లో చెప్తే అమ్మమ్మ అంతా విని, "వాంతులవుతాయని నాకు తెల్దేటి? మేకలు ఊరికే మానేశాయా దాన్ని?" అంది. ఇన్‌హేలర్ బ్యాగులోనే ఉంది.